డబ్బాల మీద లేని మాట

బస్సు ఆసుపత్రి గేటు దాటి మలుపు తిరిగినా ఆయన చెవుల్లో ఆ నవ్వు తగ్గలేదు. ముందు వరుసలో డాక్టర్లు నవ్విన నవ్వు వేరు, వెనక గోడకానుకుని నిలబడ్డ చిన్న నర్సులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విన నవ్వు వేరు. ఆ రెంటి మధ్యా మైకు పట్టుకుని తను కూడా నవ్వాడు, అదంతా తన ఇంగ్లీషుకి మెచ్చుకోలు అనుకుని. అది తలపుకొచ్చినప్పుడల్లా మెడ వెనక వేడెక్కుతోంది. పక్కన కిటికీ సీట్లో భార్య బయటికి చూస్తోంది. ఇద్దరి మోకాళ్ళ మధ్యా కొత్త సూట్‌కేసు నిలబడి ఉంది, ఆవిడ వీడ్కోలు సభలో ఆసుపత్రి వాళ్ళు ఇచ్చింది, ఇకనైనా నాలుగు ఊళ్ళు తిరిగి రమ్మని. లోపల ఏమీ లేదు, అందుకే బస్సు బ్రేకు వేసినప్పుడల్లా ముందుకు ఉరుకుతోంది, ఆయన మోకాలితో ఆపుతున్నాడు. దాని పిడికి కట్టిన అట్టముక్క మీద డ్యూరబుల్ అని రాసి ఉంది. అదేదో ఇంకో పూట కనబడొచ్చుగా అనుకున్నాడు. మైకులో ఆ మాటే అని ఉంటే సరిపోయేది. ఎవరూ నవ్వేవారు కాదు, ఎవరికీ గుర్తూ ఉండేది కాదు, నాలుగు చప్పట్లు కొట్టి కాఫీలకి లేచేవారు. ఈపాటికి ఈ బస్సులో ఆవిడ తన పదవీ విరమణ గురించి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది.

డ్యూరబుల్ నచ్చకపోవడానికి కారణం ఉంది. రంగుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడి బతుకు గడిపిన మనిషి ఆయన. బయటిగోడలకి వేసే రంగు డబ్బా మీద ఆ మాట ఉంటుంది, అది రోజూ చేత్తో తుడిచి అరలో పెట్టే మాట. నిన్న మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఫోను తీసి, చాలాకాలం నిలిచేవాటికి ఇంగ్లీషులో ఏమేం విశేషణాలున్నాయో చూపించమని అడిగాడు. చేంతాడంత జాబితా వచ్చింది. లాంగ్ లాస్టింగ్, అది తలుపులకి వేసే ఎనామిల్ మాట. ఎవర్‌లాస్టింగ్, అది ఒక కంపెనీ వాడు పువ్వు బొమ్మేసి తెచ్చిన సరుకు, ఏడాది తిరక్కుండా గోడల మీద వెలిసిపోయి కంపెనీయే మూతపడింది. లైఫ్‌లాంగ్ అంటే యావజ్జీవ శిక్ష గుర్తొచ్చింది. ఎటర్నల్ సమాధి రాళ్ళ మీద చూసిన మాట, బతికున్న మనిషి గురించి అనడానికి మనసొప్పలేదు. పెరెన్నియల్ బాగానే ఉంది కానీ నాలుగుసార్లు పలికి చూస్తే నాలుగుసార్లూ నాలుక వేరే వేరే చోట తగిలింది. ఆ కింద, దాదాపు చివర్న, క్రానిక్ ఉంది. పొట్టి మాట. మేకు మీద సుత్తి దెబ్బలా ఠక్కున దిగింది. ఏ డబ్బా మీదా చూసిన గుర్తు లేదు. దీర్ఘకాలంగా ఉన్న, అని దాని పక్కన అర్థం. ఇంకేం కావాలి అనుకున్నాడు. ఆ అర్థం కింద, జబ్బుల గురించి, అని ఇంకో వరుస ఉంటుందని, అది కూడా చదవాలని తోచలేదు. సైజు చూసి చెప్పులు కొనుక్కున్నట్టు మాటను కొనుక్కుని ఇంటికెళ్ళాడు. అదే మాటను నర్సుగా తన భార్య రోజుకెన్నిసార్లు రాసేదో, ఎవరెవరి దగ్గు పక్కన, ఎవరి కీళ్ళ నొప్పి పక్కన, ఎవరి మూత్రపిండాల పక్కన రాసేదో ఆయనకి పట్టలేదు. ఆమె పని గురించి ఆయనకి తెలిసిందల్లా డ్యూటీ వేళలు. పొద్దున్న చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆవిడ చెప్పనే చెప్పింది.

"తెలుగులో రెండు ముక్కలు మాట్లాడి దిగిపోండి, చాలు."

"డాక్టర్ల ముందు తెలుగేం బాగుంటుంది?"

"వాళ్ళు ఇళ్ళల్లో మాట్లాడేదీ అదే కదండీ," అంది. ఆయన వినిపించుకోలేదు. ఏం మాట్లాడబోతున్నారని అడిగితే అక్కడ వింటావుగా అన్నాడు. ఆశ్చర్యపరచాలని. ఆశ్చర్యపోయింది, పాపం.

అవర్ మ్యారేజ్ ఈజ్ క్రానిక్, అన్నాడు, మైకులో, ఊపిరి పీల్చుకుని, ఆ మాట దగ్గర ఒత్తి పలికి. ఐ యామ్ వెరీ హ్యాపీ, అని కూడా అన్నాడు. ఆ తర్వాత మూడో కుర్చీలో ఉన్న కుర్ర డాక్టరు, "ట్రీట్‌మెంట్ ఏమైనా వాడుతున్నారా సార్?" అన్నాడు, అంతే, కుర్చీలు కదిలేలా నవ్వారు. తనూ నవ్వాడు. నవ్వుతూ భార్య వైపు తిరిగాడు, ఆవిడ మాత్రం నవ్వడం లేదు, కళ్ళు చిన్నవి చేసి చిన్నగా తల అడ్డంగా ఊపుతోంది, ఇక చాలు, దిగండి, అన్నట్టు. అప్పుడర్థమైంది. ఏం తప్పో తెలియలేదు గానీ తప్పని తెలిసింది. దిగి ఉంటే అయిపోయేది. నాకు ఇంగ్లీషు రాదండీ, క్షమించండి, అని ఉన్నా అయిపోయేది, ఇంకో నాలుగు చప్పట్లు ఎక్కువే కొట్టేవారు. నోరు దానంతటది తెరుచుకుంది. "నాదేం లేదండీ, ఇది మీ సిస్టర్ చెప్పిన మాటే! నేను నిన్న వేరే మాట అనుకుంటే, అది బాగాలేదు ఇది పెట్టండి అని ఆవిడే మార్పించింది." అబద్ధానికి అంత వివరం ఎందుకో. ఆవిడ చెప్పింది అంటే చాలదూ, ముందు వేరే మాట అనుకోవడం, అది బాగాలేదనడం, మార్పించడం, ఇదంతా ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చింది? అప్పుడు పెద్ద డాక్టరు, ఆ ఆసుపత్రికి పెద్ద, ఆవిడ పాతికేళ్ళు ఎవరి పక్కన నిలబడి రౌండ్లు తిరిగిందో ఆయన, కుర్చీలో వెనక్కి వాలి అందరికీ వినబడేలా, "ఏంటి సిస్టర్, ఇన్నేళ్ళూ కేస్ షీట్లలో కూడా ఇలాగే రాశారా ఏంటి కొంపదీసి?" అన్నాడు. దానికి ఇంకా పెద్ద నవ్వు. ఆవిడ లేచి నిలబడింది. కాదనలేదు. భర్త వైపు కూడా చూడలేదు. "అవును డాక్టర్‌గారూ, నాదే పొరపాటు. కాఫీ చల్లారిపోతోంది, రండి," అంది. తన చివరి రోజున, తను నేర్పిన పిల్లల ముందు, చేతులు ముందుకు కట్టుకుని నిలబడి అంది.

"ఏమండీ, అక్కడ నీడగా ఉంది, అటు మారదామా?" అంది ఆవిడ ఇప్పుడు, బస్సులో. ఆయన ఉలిక్కిపడ్డాడు. ముందు రెండు వరుసల అవతల సీటు ఖాళీ అయింది. వద్దులే, బాగానే ఉంది, అన్నాడు. సరే అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండు అని వెతికాడు, దొరకలేదు. ముప్ఫయ్యేళ్ళు దాటిన కాపురంలో ఆవిడ కోపాల రకాలన్నీ ఆయనకి తెలుసు, గిన్నెలు చప్పుడు చేసేది, ఏమండీ అనకుండా విషయానికొచ్చేది, ఏం వండమంటారని అడక్కుండా వండేసేది. ఇది ఏదీ కాదు. డ్యూటీలో రోగి బంధువు అరిచినప్పుడు వాడే గొంతు ఇది, ఒకసారి వార్డు బయట బెంచీ మీద కూర్చుని విన్నాడు, ఎవరో తాగొచ్చి నానా మాటలూ అంటుంటే అలాగే అంది, అటు కూర్చోండి, నీళ్ళు తాగుతారా, అని. అంటే తను ఇప్పుడు ఆవిడకి వార్డులో మనిషి అయ్యాడన్నమాట. ఆవిడ మెడలో ఎప్పుడూ వేలాడే గుర్తింపు కార్డు లేదు, అక్కడే అప్పగించి వచ్చింది, దాని తాడు ఒరుసుకున్న చోట మెడ మీద సన్నటి చార మాత్రం ఉంది. ఇన్నాళ్ళూ చూడని చార. ఇంత దగ్గరగా ఇంతసేపు ఆవిడ మెడ వైపు చూసి ఎన్నాళ్ళయిందో. చూస్తున్నాడని తెలిస్తే తిరిగి ఏదన్నా అంటుందేమోనని చూపు సూట్‌కేసు మీదకి దించాడు. డ్యూరబుల్.

ఆ ఆసుపత్రిలో ఆయనకి పేరు లేదు. సిస్టర్ వాళ్ళాయన. ఆవిడ అందరికీ సిస్టర్ గనక, కుర్ర నర్సులు ఆయన కనబడితే "బావగారొచ్చారు" అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకునేవారు, ఆయనకి లోపల గుచ్చుకున్నా పైకి సరదా పడ్డట్టు ఉండేవాడు. జీతం ఎక్కువ ఆవిడది. ఇల్లు కట్టింది ఆవిడ పేరున తీసుకున్న అప్పుతో. ఆవిడ పర్మనెంట్ అయిన రోజు గుర్తుంది. పర్మనెంట్ అనే మాట ఇంగ్లీషని ఎవరికీ గుర్తుండదు, అన్నం, నీళ్ళు లాంటి మాట అది. ఆర్డరు వచ్చిందని ఆవిడ దుకాణానికే వచ్చేసింది, వార్డు నుంచి తిన్నగా, యూనిఫాం కూడా మార్చుకోకుండా, కౌంటరు అవతల నిలబడి కళ్ళనిండా నవ్వుతూ. దుకాణం నిండా బేరాలు. "సరే, ఇంటికెళ్ళు, వస్తా," అన్నాడు ఆయన, రంగుల పుస్తకం తిప్పుతూ, ఎవరికో లేత పసుపులో రకాలు చూపిస్తూ. ఆవిడ ఒక్క నిమిషం నిలబడి వెళ్ళిపోయింది. బేరాలున్నాయి కనుక అలా అన్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. బేరాలు లేకపోయినా అదే అనేవాడు. ఆ దుకాణంలో తను ఏనాడూ పర్మనెంట్ కాలేదు, యజమాని నోటి మాట మీద నడిచే కొలువు, ఆ మాట ఎప్పుడు మారుతుందో తెలియదు. ఆవిడ ఆనందం కౌంటరు అవతల నిలబడితే ఇవతల తనకి ఊపిరాడలేదు, అదీ నిజం. ఇవాళ హాల్లో కూడా అంతేనా? ఆవిడ గురించి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు లేచి మాట్లాడుతుంటే, సిస్టర్ లేకపోతే ఆ రోజు నా పేషెంటు దక్కేవాడు కాదు అని ఒక డాక్టరు, నాకు నరం దొరకబుచ్చుకోవడం నేర్పింది సిస్టరే అని ఒక పిల్ల, అలా పొగుడుతుంటే, తను చప్పట్లు కొడుతూనే జేబులో కాగితం మీద రాసి మడిచిపెట్టుకున్న ఆ ఒక్క మాటని వేళ్ళతో తడుముకున్నాడు. ఆవిడ గొప్పతనం చెప్పడానికి కాదు. వాళ్ళాయనకీ ఏదో వచ్చునని తెలియడానికి.

బస్సు ఆగింది. రోడ్డు తవ్వి పోశారు, ఇటు వాళ్ళని వదిలేదాకా అటు వాళ్ళు ఆగాలి. కిటికీ అవతల ఏదో బడి గోడ, నీలం రంగు, అడుగున అరచేయి వెడల్పున పొక్కులు లేచి పెచ్చులు ఊడుతున్నాయి. తడిగోడ. ఆరకముందే వేసేశారు, ఎవడో వేసెయ్యమని ఉంటాడు. తనలాంటి వాడే ఎవడో, కౌంటరు దగ్గర, ఎన్నేళ్ళుంటుందండీ అని అడిగితే, మీరున్నన్నాళ్ళూ ఉంటుందండీ అని ఉంటాడు. ఎన్ని వేలసార్లు అన్నాడో ఆ మాట. నాలుకకి అది అలవాటైపోయింది, అడిగినవాడి మొహం చూసి వాడికి కావలసింది అల్లేయడం. హాల్లో చేసిందీ అదే. ఆ అబద్ధం ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. ఇంతలో ఎందుకో ఇంకోటి గుర్తొచ్చింది, ఎన్నడూ గుర్తురానిది. పెళ్ళయిన కొత్త, ఆవిడ అప్పుడే ఆసుపత్రిలో చేరింది, తెలుగు బడిలో చదువుకున్న పిల్ల, డాక్టర్లు రాసిన మాటలు రవికె చేతిమీద పెన్నుతో రాసుకొచ్చి పడుకోబోయే ముందు అడిగేది. ఇదేమిటండీ, అదేమిటండీ అని. తనకి ఎంత గర్వంగా ఉండేదో. ఒకరోజు ఎక్యూట్ అంటే ఏమిటండీ అని అడిగింది. హఠాత్తుగా వచ్చి తీవ్రంగా ఉండే జబ్బుకి ఆ మాట వాడతారని తనకేం తెలుసు, తెలియదనొచ్చు. క్యూట్ అంటే ముద్దుగా ఉండటం కదా, దానికి ముందు ఎ చేరిస్తే ఒక ముద్దైనది అన్నాడు. ఆవిడ నవ్వింది, డాక్టర్లు కడుపునొప్పిని ముద్దుగా ఉందంటారా అని. ఇంగ్లీషు వాళ్ళ పద్ధతి అంతే అన్నాడు. మర్నాడు సాయంత్రం ఆవిడ ఏమీ అడగలేదు. ఆ మర్నాడూ అడగలేదు. మొదటి జీతంతో లావుపాటి నిఘంటువు కొనుక్కుంది, దానికి గోధుమరంగు అట్ట వేసుకుంది, చదువు మీద ఇష్టం అనుకుని అందరికీ చెప్పుకున్నాడు, మా ఆవిడకి ఎంత పట్టుదలో అని. ఇప్పుడు, ఈ తవ్విన రోడ్డు పక్కన, బస్సు ఇంజను ఆగీ ఆగక వణుకుతుంటే తెలిసింది. తను చెప్పిన ఆ ముద్దు అర్థం ఆవిడ ఎక్కడో చెప్పి ఉంటుంది. ఎవరి ముందో అని ఉంటుంది. వార్డు మధ్యలో, పుస్తకాలు పట్టుకున్న డాక్టర్ల మధ్య, ఆ కుర్ర వయసులో. వాళ్ళు నవ్వి ఉంటారు. మా ఆయన చెప్పారండీ అని ఉంటుందా? అనలేదు. అని ఉంటే బావగారని పిలిచిన నోళ్ళన్నీ ఇంకోలా పిలిచేవి. ఎవరికీ చెప్పలేదు, తనకి కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి, ఇంకెప్పుడూ అడక్కుండా ఊరుకుంది. అంతే చేసింది.

ఆయనకి కూర్చోవడం కష్టమైపోయింది. బస్సులో గాలి ఆడటం లేదు. పక్క వరుసలో చంటిబిడ్డ ఏడుస్తోంది, ముందు సీట్లో లావుపాటాయన పేపరు విసనకర్రలా ఊపుకుంటున్నాడు. మన్నించు అందామనుకున్నాడు. నోట్లో ఆ మాట సినిమా మాటలా తోచింది, ఇంటి మాట కాదది, ఇన్నేళ్ళలో ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు అడిగింది కాదు. అయినా ఆవిడతో అంటే ఏమవుతుంది, పోన్లెండి అంటుంది, పోన్లెండి అనగానే తనకి హాయిగా ఉంటుంది, రేపటికి ఆకలి కూడా వేస్తుంది. అక్కడ ఆ హాల్లో మాత్రం సిస్టర్ కేస్ షీట్లలో ఏం రాసేదో ఏమో అన్న మాట అలాగే ఉండిపోతుంది. రేపు టీ తాగుతూ ఎవరో ఒకరు ఎత్తుతారు. ఆ కుర్ర నర్సులకి ఆవిడ గురించి అది తప్ప ఇంకేమీ గుర్తుండకపోవచ్చు.

"నీ ఫోను ఒకసారి ఇవ్వు," అన్నాడు.

"ఎందుకు?"

"పెద్ద డాక్టరు గారికి."

ఆవిడ అప్పుడు తిరిగి చూసింది. వద్దంటుందనుకున్నాడు. వద్దంటే బాగుండునని కూడా, సిగ్గులేకుండా, ఒక మూల అనుకున్నాడు. ఆవిడ చేతిసంచీ తెరిచి ఫోను తీసి, తాళం తీసి, పేరు వెతికి, ఆయన చేతిలో పెట్టి మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. ఆయన ఆ పేరు నొక్కాడు.

"చెప్పండి సిస్టర్, చేరారా ఇంటికి?"

"సిస్టర్ కాదండీ. నేను. వాళ్ళాయన్ని."

"ఓ, మీరా! చెప్పండి చెప్పండి. ఏమన్నా మర్చిపోయారా ఇక్కడ?"

"లేదండీ. ఇందాక నేను మైకులో అన్న మాట... అది ఆవిడ చెప్పింది కాదండీ."

"హలో? వినబడటం లేదు. ఏ మాట?"

పెద్ద డాక్టరుకి గుర్తులేదు! ఆ మనిషికి అది గుర్తే లేదు. ఒక్క క్షణం ఫోను పెట్టేద్దామనిపించింది, గుర్తులేనిదాన్ని తవ్వడం దేనికి. బస్సు ఒక్కసారి గర్రుమని కదిలింది, సూట్‌కేసు ముందుకురికి లావుపాటాయన సీటుకి కొట్టుకుంది, అతను వెనక్కి తిరిగి చూశాడు. ఇంజను చప్పుడు మీద గొంతు పెంచాల్సొచ్చింది. "క్రానిక్ అన్నానండీ! మా పెళ్ళి క్రానిక్ అన్నాను! మీరంతా నవ్వారు!" లావుపాటాయన తిరిగిన మెడ తిరిగినట్టే ఉండిపోయింది. ఏడుస్తున్న బిడ్డ తల్లి కూడా చూసింది. "అది నేను ఫోన్లో వెతుక్కున్న మాటండీ. నాకు దాని అర్థం తెలీదు. ఆవిడ తెలుగులో మాట్లాడమంది, నేనే వినలేదు. మీరంతా నవ్వేసరికి పరువు పోతుందని ఆవిడ మీదకి తోసేశాను. తప్పు నాదండీ. అబద్ధం కూడా నాదే. మీరు అక్కడ ఉన్నవాళ్ళందరికీ చెప్పాలి."

"అయ్యో, అదా! భలేవారే. సరదాగా అన్నదండీ, ఎవరూ పట్టించుకోరు," అన్నాడు పెద్ద డాక్టరు, తలుపేదో తీసి లోపలికి పోతున్న చప్పుడు, "సరే సరే, చెప్తాలెండి. సిస్టర్‌ని విశ్రాంతి తీసుకోమనండి," అని పెట్టేశాడు. బస్సులో నాలుగైదు మొహాలు ఇంకా ఇటే ఉన్నాయి. అయిపోయింది, చెప్పేశాడు, తేలికపడాలి కదా, పడలేదు. చెమట మాత్రం చల్లబడింది. ఫోను ఆవిడ ఒళ్ళో పెట్టాడు.

ఆవిడ దాన్ని సంచీలో వేసుకోలేదు. బయట ఇళ్ళు వెనక్కి పోతున్నాయి. కిటికీలోంచి మొహం తిప్పకుండానే అంది.

"కేస్ షీట్ల సంగతి అనలేదు మీరు."

"ఆఁ?"

"నేను వాటిల్లో ఏనాడూ తప్పు రాయలేదు. అది చెప్పలేదు."

నిజమే. అంతా తన గురించే చెప్పాడు. నాది, నేను, నాకు తెలీదు, నా పరువు. ఇంతసేపూ ఆవిడ కాచుకున్నది ఒక్క వాక్యం కోసం, అది ఆయన నోటికే రాలేదు. లావుపాటాయన ఇప్పుడు పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు, పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని. ఆయన మళ్ళీ చెయ్యి చాచాడు. ఆవిడ కిటికీ వదిలి ఇటు తిరిగింది, మోకాళ్ళతో సూట్‌కేసుని బిగించి పట్టుకుని, ఫోను ఆయన చేతిలో పెట్టింది. అప్పటికే ఆవిడ పెద్ద డాక్టరు పేరు నొక్కేసింది, అవతల మోగుతోంది.